ఎయిర్‌బ్యాగ్ దీపం ఆర్పించుకోవడానికి నేను పడిన పాట్లు

నిన్న మా మోటార్‌హోమ్ ఎం.ఓ.టి. పరీక్ష, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఏటా చేసే తనిఖీ, నెగ్గింది. ఇంగ్లండ్‌లో బండి నడిపే వాళ్ళకు ఇది పెద్ద వార్తేమీ కాదు. అయితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగి కూర్చున్న ఎయిర్‌బ్యాగ్ దీపాన్ని ఆర్పించుకోవడానికి పోయిన వేసవి నుంచి నేనెన్ని గడపలు ఎక్కి దిగానో చూసిన మా ఆవిడ రాత్రి పాయసం వండింది. కోపం ఇంకా చల్లారలేదు కనుక మరచిపోకముందే జరిగినదంతా రాసి పెడుతున్నాను. ఇదే దీపంతో వేగుతున్న మనవాళ్ళు బ్రిటన్‌లో ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

ముందు బండి సంగతి చెప్పాలి. యూరప్‌లో మోటార్‌హోమ్‌లు ఎక్కువగా ఫియట్ డుకాటో, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడీస్ స్ప్రింటర్ లాంటి వ్యాన్ల మీద కడతారు. ఇంజను, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు వ్యాన్ కంపెనీవి. మంచాలు, వంటగది, స్నానాల గది ఆ వ్యాన్‌ను ఇల్లుగా మార్చిన మరో కంపెనీవి. ముందు సీట్లను వెనక్కి తిప్పుకుంటే భోజనాల బల్ల దగ్గర ఇంకో ఇద్దరు కూర్చోవచ్చు కాబట్టి, సీటుకూ దాని పీఠానికీ మధ్య గుండ్రంగా తిరిగే ఇనుప పళ్ళెం ఒకటి బిగిస్తారు. నా కథంతా ఆ పళ్ళెం కిందే నడిచింది. మాది ఏ కంపెనీ బండో ఇక్కడ చెప్పను, అమ్మినవాళ్ళ పేరు కూడా రాయను. వాళ్ళతో డబ్బు లెక్క ఇంకా తెగలేదు.

వాడిన బండినే ఒక డీలరు దగ్గర ఏడాది వారంటీతో వసంతంలో కొన్నాము. కొనడం, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ సాఫీగా జరిగిపోయాయి. వేసవిలో లేక్ డిస్ట్రిక్ట్‌లో రెండు రాత్రులు గడిపి, తిరుగు ప్రయాణానికి తాళం తిప్పేసరికి ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగింది. సాధారణంగా తాళం తిప్పగానే వెలిగి, వ్యవస్థ తనను తాను పరీక్షించుకున్నాక కొన్ని క్షణాల్లో ఆరిపోవలసిన దీపమది. ఆరలేదు. ఆ దీపం వెలుగుతూ ఉంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు, బెల్టును బిగించి పట్టే ప్రిటెన్షనర్ కూడా పనిచేయకపోవచ్చు. దీపం వెలిగితే మనకు జరిగే ఇబ్బంది ఎం.ఓ.టి. ఒక్కటే అనుకునే వాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

చాలామంది ఇక్కడ చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్‌ను తగిలించి, బండి కంప్యూటరు నమోదు చేసుకున్న లోపం కోడ్‌ను ఫోన్‌లో చూడటం. నేనూ చూశాను, లోపాలేవీ లేవని చెప్పింది. ఆ పరికరాలు చాలావరకు ఇంజను కంప్యూటరుతోనే మాట్లాడతాయి; ఎయిర్‌బ్యాగు కంప్యూటరు వేరే ఉంటుంది, దాని కోడ్‌లు చదవాలంటే ఆ వ్యాన్ కోసం తయారైన సాఫ్ట్‌వేరో, మంచి వర్క్‌షాప్ స్కానరో కావాలి. బ్యాటరీ కూడా చూసుకున్నాను. చలికాలమంతా కదలకుండా నిలబెట్టిన బండిలో వోల్టేజీ పడిపోయి ఈ దీపం వెలగడం మామూలే. క్యాంపు స్థలంలో కరెంటుకు తగిలించినంత మాత్రాన అన్ని బండ్లలోనూ ఇంజను బ్యాటరీ చార్జ్ కాదు, చాలావాటిలో ఇంటి భాగం బ్యాటరీకే చార్జ్ అందుతుంది. మా బ్యాటరీ నిక్షేపంగా ఉంది.

డీలరుకు ఫోన్ చేస్తే, ఎయిర్‌బ్యాగ్ వ్యాన్ కంపెనీ వ్యవహారమని, వాళ్ళ అధీకృత వర్క్‌షాప్‌కు పొమ్మని చెప్పాడు. వర్క్‌షాప్ వాళ్ళు కోడ్ చెరిపి, దీపం ఆర్పి, పరీక్ష రుసుం పుచ్చుకుని పంపించారు. కొన్నాళ్ళకు పీక్ డిస్ట్రిక్ట్‌లో భోజనానికి సీటు తిప్పిన మర్నాడు దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి వర్క్‌షాప్ వాళ్ళు, సీటు తిరిగే ఏర్పాటు తమది కాదని, ఇల్లు కట్టిన కంపెనీని అడగమని అన్నారు. ఆ కంపెనీ వాళ్ళు, తాము పళ్ళెం మాత్రమే బిగించామని, సీటు కింద ప్రిటెన్షనర్‌కు వెళ్ళే పసుపు తీగ జోలికి పోలేదని, వ్యాన్ వాళ్ళనే అడగమని ఈమెయిల్ పంపారు. ఇలా ముగ్గురూ ఒకరిమీద ఒకరు తోసుకుంటుంటే నా సెలవులన్నీ వాళ్ళ కౌంటర్ల దగ్గరే కరిగిపోయాయి.

నేను ఆసుపత్రి ప్రయోగశాలల్లో పరికరాల నిర్వహణ చూసే ఉద్యోగిని. విద్యుత్ నిరోధాన్ని కొలిచే ఓమ్ అంటే ఏమిటో, తెగీ తెగని తీగ ఎలాంటి వేషాలు వేస్తుందో నాకు ఒకరు నేర్పనక్కర్లేదు. అందుకే ప్రతిసారీ ఏ రోజు, ఏ వాతావరణంలో, సీటు తిప్పిన ఎంతసేపటికి దీపం వెలిగిందో డైరీలో రాసుకున్నాను. వానకూ దీపానికీ సంబంధం కనబడలేదు. సీటు తిప్పడానికీ దీపానికీ ప్రతిసారీ కనబడింది. ఆ పేజీని ఫొటో కాపీ తీసి, బండితోపాటు వర్క్‌షాప్ కౌంటరులో ఇచ్చాను. దాన్ని ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది.

బండి తీసుకోవడానికి మా ఆవిడతో కలిసి వెళ్ళినప్పుడు జరిగినది చెప్పడానికే అసలు ఇదంతా మొదలుపెట్టాను. కౌంటరులో ఉన్న కుర్రాడు ఒక చిన్న ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్లమీద పెట్టాడు. అందులో పదో పదిహేనో ఆవాలు, ఎండిన కరివేపాకు రెబ్బ ఒకటి ఉన్నాయి. డ్రైవరు సీటు కింద దొరికాయట. నేరం జరిగిన చోట దొరికిన సాక్ష్యంలా వాటిని నా ముందుకు జరిపి, వెనక వరుసలో తమ వంతు కోసం కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా, "మీరు బండి లోపల వంట బాగా ఎక్కువగా చేస్తారా?" అని అడిగాడు. ఆ ఆవిరికి కనెక్టర్లలో తేమ చేరి ఉంటుందని, వాడకం వల్ల వచ్చిన లోపానికి వారంటీ వర్తించదని, రుసుం మళ్ళీ కట్టాలని చెప్పాడు. వెనక కూర్చున్న వాళ్ళలో ఒకాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గినట్టు నటించాడు. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా పన్నులు కడుతూ, వేళకు అప్పులు తీరుస్తూ తలెత్తుకుని బతుకుతున్న నాకు, పదిహేను ఆవాలతో అంతమంది ముందు తల కొట్టేసినట్టయింది.

నేను మాట్లాడేలోపే మా ఆవిడ అందుకుంది. తెనాలి ఆడపడుచు, ఊరుకునే మనిషి కాదు. "వండుకోవడానికి కాకపోతే ఇందులో స్టవ్వు, సింకు, ఫ్రిజ్ ఎందుకు పెట్టి అమ్మారు?" అని ఆ కుర్రాణ్ణి ఇంగ్లీషులోనే అడిగి, "మీరు వాళ్ళ కాగితం తీసుకోండి, ఇక్కడ నిలబడి వాదించకండి" అని నాతో తెలుగులో అంది. కాగితం తీసుకున్నాను. తడిసిన కనెక్టరు ఏది, కోడ్ ఏమిటి, సర్క్యూట్ నిరోధం ఎంత చూపించింది అని అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు. బిల్లులో మాత్రం "తేమ, కస్టమర్ వాడకం" అని వేసి ఉంది. తర్వాత నాకు పనికొచ్చింది ఆ ఒక్క వాక్యమే: కొలత ఏదీ తీయకుండా కారణం రాశారని చూపించడానికి అది చాలు.

వర్క్‌షాప్‌లో ఎవరైనా కోడ్ చెరిపేముందు దాన్ని కాగితం మీద ముద్రించి ఇమ్మని పట్టుబట్టాలి. చెరిపాక సాక్ష్యం పోతుంది, రుసుం మాత్రం మిగులుతుంది. ముద్రించి ఇవ్వని చోట బండి పెట్టడమే వద్దు.

ఇదే సమయంలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "అన్నయ్యా, దానికెందుకంత గొడవ, రెండు ఓముల రెసిస్టర్ ఒకటి కొని ఆ పసుపు కనెక్టరులో దూర్చేయ్, దీపం ఆరిపోతుంది" అని సలహా ఇచ్చాడు. నిజమే, ఆరిపోతుంది. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు ప్రిటెన్షనర్ సర్క్యూట్‌లోకి చాలా స్వల్పమైన కరెంటు పంపి నిరోధం చూసుకుంటూ ఉంటుంది. ఆ విలువ రెండు ఓముల చుట్టుపక్కల ఉన్నంతసేపూ అంతా బాగుందని నమ్ముతుంది. రెసిస్టర్ పెడితే కంప్యూటరు నమ్ముతుంది, ఎం.ఓ.టి. పరీక్షకుడు నమ్ముతాడు, గుద్దుకున్న రోజున మాత్రం బెల్టు బిగుసుకోదు. ఆ బండిని తర్వాత ఇంకొకరికి అమ్మేటప్పుడు ఈ సంగతి చెప్పి అమ్మే మహానుభావుణ్ణి నేనింతవరకు చూడలేదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తిరిగే వాడికి ఈ సలహా ఇవ్వడానికి నోరెలా వచ్చిందో ఆయనకే తెలియాలి.

చివరికి మా పక్కింటాయన చెప్పగా, ఇళ్ళకు వచ్చి పనిచేసే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దొరికాడు. వయసు మళ్ళినవాడు, మాట తక్కువ. బండి దగ్గరికి రాగానే స్కానర్ తీయకుండా, "సీటు తిరుగుతుందా?" అని అడిగాడు. అప్పుడే నా ప్రాణం లేచి వచ్చింది.

ముందు క్యాబిన్‌లో ఉన్న బ్యాటరీ తీగ విప్పి, టీ తాగేంతసేపు ఏమీ ముట్టుకోకుండా నిలబడ్డాడు. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగు పేలడానికి కావలసిన విద్యుత్తు కంప్యూటరులోని కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. అది పూర్తిగా దిగిపోయేదాకా పసుపు కనెక్టర్లను ముట్టుకోకూడదు. మామూలు మల్టీమీటరును నేరుగా ప్రిటెన్షనర్‌కు తగిలించకూడదని కూడా చెప్పాడు, అందులో ఉండేది మందుగుండు. అందుకే, ఓముల సంగతి తెలిసి కూడా నేను ఆ కనెక్టరును విప్పలేదు.

తర్వాత బకిల్ ప్రిటెన్షనర్ కనెక్టరును విప్పి, దాని స్థానంలో పరీక్ష కోసం రెసిస్టర్ పెట్టాడు. మన వాట్సాప్ పెద్దమనిషి చెప్పిన వస్తువే, కానీ పని అయ్యాక తీసేయడానికి. బ్యాటరీ తగిలించి, స్కానర్ తెరమీద ఆ సర్క్యూట్ నిరోధం కనబడేలా పెట్టి, సీటును మెల్లగా తిప్పమన్నాడు. సీటు ముందుకు చూస్తున్నంతసేపు అంకె రెండుకు కాస్త పైన నిలబడింది. తలుపు వైపు పావు వంతు తిరిగేసరికి నాలుగు దాటింది. ఇంకొంచెం తిప్పితే సర్క్యూట్ తెగిపోయిందని చూపించింది. వెనక్కి తెస్తే మళ్ళీ రెండు. వర్క్‌షాప్‌కు వెళ్ళినప్పుడల్లా బండి ఎందుకు బాగున్నట్టు కనబడిందో అక్కడ తేలిపోయింది: వాళ్ళు ఒక్కసారి కూడా సీటు తిప్పి చూడలేదు.

టార్చి వేసి చూపించాడు. వ్యాన్ తయారైనప్పుడు ఆ తీగను ముందుకూ వెనక్కీ జరిగే సీటుకు సరిపడా పొడవుతోనే వేశారు. పళ్ళెం బిగించాక సీటు ఎత్తు పెరిగింది, తిరగడం మొదలైంది, తీగ మాత్రం పెరగలేదు. పళ్ళెం అంచు పసుపు తొడుగును కోసిన గీత స్పష్టంగా కనిపిస్తోంది. లోపల రాగి పోగులు సగం తెగాయి, కనెక్టరులో ఒక పిన్ను తన గూటి నుంచి వెనక్కి జారి ఉంది. తేమ ఛాయ ఎక్కడా లేదు. ఆవాలు ఇంకో రెండు దొరికాయి.

మరమ్మతు సులువుగానే అయింది. కొత్త కనెక్టరుతో, పొడవుకు సరిపడే కొత్త తీగ ముక్క వేశాడు. రెండు తీగలను ముందులాగే పెనవేశాడు. సీటు పూర్తిగా తిరిగినా లాగుడు పడకుండా ఒక చుట్ట వదిలి, పళ్ళెం అంచుకు దూరంగా క్లిప్పులతో కట్టాడు. కోడ్ ముద్రించి నా చేతికిచ్చి, ఆ తర్వాతే చెరిపాడు. సీటును అటూ ఇటూ తిప్పించి చూశాడు, దీపం వెలగలేదు. అధీకృత వర్క్‌షాప్ పుచ్చుకున్న పరీక్ష రుసుముల మొత్తం కంటే అతని బిల్లు తక్కువ.

ఎం.ఓ.టి. గురించి రెండు మాటలు. ఆ దీపం లోపం చూపిస్తూ ఉంటే, 2018 మే నుంచి అమల్లో ఉన్న వర్గీకరణ ప్రకారం అది మేజర్ లోపం, అంటే ఫెయిల్. మోటార్‌హోమ్‌లు నాలుగో తరగతి కిందికే వస్తాయి కాబట్టి గరిష్ఠ రుసుం 54.85 పౌండ్లు, పెద్ద బండి కదా అని ఎక్కువ అడిగితే ఇవ్వవద్దు.

ఇక డీలరు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం మనం ఒప్పందం చేసుకున్నది అమ్మినవాడితో; వ్యాన్ కంపెనీతోనో, ఇల్లు కట్టిన కంపెనీతోనో కాదు. కొన్న ఆరు నెలల్లో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉందని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది అమ్మినవాడే. "మా వ్యవహారం కాదు" అన్న మాటను వాళ్ళు నాకు మొదటి రోజునే అనకుండా ఉండవలసింది. డైరీ పేజీలు, ముద్రించిన కోడ్, తెగిన తీగ ఫొటో, "తేమ" అని రాసిన బిల్లు జతచేసి వాళ్ళకు ఉత్తరం రాశాను. అయిన ఖర్చులో సగం ఇస్తామని జవాబు వచ్చింది. సగం ఒప్పుకోనని, పద్నాలుగు రోజుల్లో మొత్తం చెల్లించకపోతే చిన్న మొత్తాల దావా వేస్తానని ఈ ఉదయమే తిరిగి రాశాను. పక్క సీటు తీగ కూడా అదే పొడవులో ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు కనుక, వేల్స్ వెళ్ళేలోపు దానికీ కొత్త ముక్క వేయించి, ఆ బిల్లు కూడా అదే లెక్కలో కలుపుతున్నాను.