ఆరు దాటితే వచ్చే జ్వరం

పగలంతా హన్మకొండలో షాపులో బాగానే కూర్చునేవాణ్ని. సాయంత్రం ఆరు దాటిందంటే నడుము పట్టేసేది, వణుకు మొదలయ్యేది, జ్వరం 102కి పోయేది. అర్ధరాత్రి చెమట పట్టి దిగేది. బనియన్ పిండితే నీళ్లు కారేవి.

గల్లీలో ఆర్‌ఎంపీ వైడాల్ టెస్టు చేయించి టైఫాయిడ్ అన్నాడు. పది రోజులు సూదులు పొడిచాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. తర్వాత ఒక ఆసుపత్రిలో మలేరియా, డెంగీ, ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ అన్నీ చేశారు. అన్నీ నార్మల్. రిపోర్టు నార్మల్ అన్నప్పుడల్లా నాకు టెన్షన్ ఇంకా పెరిగేది. క్యాన్సర్ అన్న మాట మా ఆవిడ నోట రాలేదు గానీ, రాత్రిళ్లు ఫోన్లో దాని గురించే చదివేది. ఆరు కిలోలు తగ్గాను.

ఐదో వారంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఫైలు పక్కన పెట్టి నన్నే అడగడం మొదలుపెట్టాడు. 101 దాటే జ్వరం మూడు వారాలైనా పోకుంటే ఇక్కడ ముందు టీబీనే అనుమానిస్తామన్నాడు. తర్వాత, "ఊరికి పోతుంటవా? ఇంట్ల జీవాలున్నయా?"

"అన్న దగ్గర గొర్లున్నయి సార్."

"ఏమన్న ఈసుకుపోయినయా?"

అప్పుడు గుర్తొచ్చింది. సంక్రాంతికి నర్సంపేట అవతల మా ఊరికి పోయినప్పుడు రెండు గొర్రెలు ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకముందే ఈనాయి. ఒకదానికి పిల్ల అడ్డం పడితే నేనే ఉత్త చేతులతో లాగాను. పొద్దున పిల్లల పతంగి మాంజా కోసిన బొటనవేలు అప్పటికి మానలేదు.

అట్లా ఈసుకుపోయే జీవాల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లా అనే క్రిమి ఉందేమోనని టెస్టు రాశాడు. రక్తం కల్చర్‌ని ఎక్కువ రోజులు ఉంచమని ల్యాబ్‌కి ఫోన్ కూడా చేశాడు, ఆ క్రిమి మెల్లగా పెరుగుతుందట. రిపోర్టు పాజిటివ్.

డాక్సీసైక్లిన్ రోజుకు రెండు, రిఫాంపిసిన్ పరగడుపున, ఆరు వారాలు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో పోతే హడలిపోయాను. ఆ మాత్ర గుణమే అదని కాంపౌండర్ నవ్వాడు. రెండో వారానికి సాయంత్రపు వణుకు పోయింది. మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి ఒక్క పూట కూడా తప్పలేదు.

అన్నకు గ్లౌజులు కొనిచ్చి, నువ్వూ టెస్టు చేయించుకో అన్నాను.

"నాకేం రోగంరా? ఏడాది సంది నడుం నొప్పి తప్ప," అన్నాడు. "గొర్ల ఈతలు అయిపోనీ, వస్త."