వెలిసిపోయిన స్పోర్ట్స్ కారు రంగు: పాలిష్ ఎక్కడిదాకా, పెయింట్ ఎక్కణ్ణుంచి

కారు రంగు వెలిసిందనగానే చాలామంది చెయ్యి కాంపౌండ్ (పెయింట్‌ను బాగా కోసే గరుకు పాలిష్) డబ్బా మీదికి పోతుంది. కాస్త ఆగండి. పాడైంది ఏ పొరో తేల్చుకోకుండా రుద్దితే పోయేది మళ్లీ రాని పెయింట్.

ఇప్పటి కార్లలో దాదాపు అన్నిటికీ కింద రంగునిచ్చే బేస్ కోట్, దానిమీద రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. పాత కార్లలో, ముఖ్యంగా ఎరుపు, తెలుపు లాంటి సాదా రంగుల్లో, రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండే సింగిల్ స్టేజ్ పెయింట్ కనిపిస్తుంది. మీదేదో తెలియాలంటే, అంతగా కంటపడని ఒక మూలలో తెల్లగుడ్డతో కాస్త పాలిష్ పెట్టి రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. క్లియర్ కోట్ ఉందని ఖాయంగా తెలిసిన కారు కూడా గుడ్డకు రంగు అంటిస్తోందంటే ఆ చోట క్లియర్ అరిగిపోయిందన్నమాట. అక్కడ ఇంక రుద్దకండి.

తర్వాత డోర్ తెరిచి లోపలి అంచు చూడండి, పెట్రోలు మూత కింద చూడండి. అది ఎండ తగలని అసలు రంగు. దాన్ని బానెట్ రంగుతో పోల్చండి. బానెట్ మసకబారి, తడిపినప్పుడు మాత్రం రంగు తేటపడుతుంటే పాడైంది పైపొరే, పాలిష్‌తో చాలావరకు తేరుకుంటుంది. పైన నున్నగా మెరుస్తూనే ఉండి, కింద ఎరుపు కాస్తా నారింజకో గులాబీకో తిరిగిందా, బేస్ కోట్‌లోని పిగ్మెంటే ఎండకు దెబ్బతింది. దానికి పాలిష్ పనిచేయదు. ఇక పొరలు పొరలుగా ఊడే తెల్లమచ్చలు. అంచు మీద గోరు పెడితే మెట్టు తగులుతుంది. క్లియర్ కోట్ విడిపోయిందన్నమాట. ఏ వ్యాక్సూ, ఏ సిరామిక్ కోటింగూ దాన్ని తిరిగి అతికించలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో క్లియర్ వాటా సుమారు 35 నుంచి 50. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల్ని అడ్డుకునే పదార్థం ఉండేది ఆ క్లియర్‌లోనే. పాలిష్‌తో దాన్ని ఎంత కోస్తే రంగుకు అంత కాపు తగ్గుతుంది. అందుకే మందం కొలిచే గేజ్ చేతిలో ఉండాలంటాను. 250 దాటిన ప్యానెల్ కనిపిస్తే దానికి ఇదివరకే మళ్లీ పెయింట్ వేసి ఉంటారు. అయితే మామూలు గేజ్ ఇనుము, అల్యూమినియం మీదే పనిచేస్తుంది. ప్లాస్టిక్ బంపర్లు, ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ ప్యానెళ్ల మీద అంకె రాదు. 1953లో తొలి కార్వెట్ వచ్చిందే ఫైబర్‌గ్లాస్ బాడీతో. అలాంటి కార్లకు అల్ట్రాసోనిక్ గేజ్ కావాలి. అది దొరకకపోతే సన్నటి పాలిష్‌తో సరిపెట్టుకోవడమే మేలు.

కడిగేటప్పుడు షాంపూకొక బకెట్, గుడ్డ జాడించుకోవడానికొక బకెట్ పెట్టుకోండి. తర్వాత ఐరన్ రిమూవర్ చల్లితే పెయింట్‌లో దిగిన బ్రేకు దుమ్ము ఊదారంగుకు తిరిగి కారుతుంది. అది ఎండిపోకముందే కడిగేయాలి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ మీద నిమిరితే, వట్టి వేళ్లకు తెలియని గరుకు తెలుస్తుంది. ఆ గరుకు పోయేదాకా జారుడు ద్రవం చల్లి, క్లే బార్ (మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) నొక్కకుండా నడపండి. క్లే నేలమీద పడితే పారేయండి, అంటిన ఇసుక కడిగితే పోదు. ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్ పొడవునా గీత పడుతుంది.

పాలిష్‌కు ముందు బాడీ మీది పదునైన మడతలు, స్పాయిలర్ అంచులు, గాలి తూముల చుట్టూ మాస్కింగ్ టేప్ వేయండి. స్పోర్ట్స్ కార్లకు ఇలాంటి అంచులు ఎక్కువ, అంచు మీద పెయింట్ పల్చగా ఉంటుంది, ప్యాడ్ బరువంతా అక్కడే పడుతుంది. రంగు తేలిపోయేది ముందు అక్కడే. ఎండలో పని వద్దు, ప్యానెల్ చల్లగా ఉండాలి. మ్యాట్ పెయింట్ అయితే పాలిషే వద్దు, మెరిసే మచ్చలు పడతాయి, అవి పోవు.

యంత్రం విషయానికొస్తే, ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ చాలు. ఒకే చోట గుండ్రంగా తిరిగే రోటరీ వేగంగా కోస్తుంది, అంతే వేగంగా కాలుస్తుంది, చెయ్యి తిరిగినవాళ్లకే అది. ముందు 50 సెంటీమీటర్ల చదరంలో మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తో పరీక్ష చేయండి. చాలకపోతేనే మధ్యస్థం, అదీ చాలకపోతే కాంపౌండ్. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. యంత్రం ఆపి ఉండగానే వాటిని ప్యానెల్ మీద పులిమి, తర్వాత యంత్రం మీది 4 లేదా 5 నంబర్ వేగంలో, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు కదిలేలా, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి, నాలుగు నుంచి ఆరు విడతలు నడపండి. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ను బ్రష్‌తో శుభ్రం చేయాలి. సింగిల్ స్టేజ్ అయితే ప్యాడ్ పూర్తిగా కారు రంగుకు మారిపోతుంది, అది మామూలే, కంగారు పడొద్దు. కానీ చచ్చిన పెయింట్‌తో నిండిన ప్యాడ్ కోయదు, కొత్త గీతలు పెడుతుంది. నాలుగైదు ప్యాడ్లు దగ్గరుంచుకోండి. ప్లాస్టిక్ బంపర్ మీద వేడి నిలిచిపోతుంది, అరచెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపేయండి.

అయిపోయిందనుకున్నాక నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎల్ఈడీ లైటు ఏటవాలుగా పట్టి చూడాలి. పాలిష్‌లోని నూనెలు గీతల్ని కప్పేస్తాయి, వారం తర్వాత అవే బయటపడతాయి. ఆపైన వ్యాక్స్, సీలెంట్, సిరామిక్ ఏదైనా సరే. ఏదీ యూవీని పూర్తిగా ఆపదు. కవరో, నీడో అంతకన్నా ఎక్కువ కాపాడతాయి. సింగిల్ స్టేజ్‌కు పైన కాపు పొర లేదు గనుక వ్యాక్స్ వరస తప్పకూడదు, ఎండలో వదిలేస్తే మళ్లీ సుద్దబారుతుంది.

క్లియర్ ఊడిన ప్యానెల్‌కు మచ్చ వరకే క్లియర్ కొట్టిస్తే, కొత్తదీ పాతదీ కలిసిన గీత దగ్గర మళ్లీ లేస్తుంది. ప్యానెల్ మొత్తం చేయించండి. పట్టు వదిలిన క్లియర్‌నంతా తీసేసి, మెట్టు చేతికి తెలియకుండా 400 నంబర్ పేపర్‌తో దిగతీయాలి. రంగు కలిపే ముందు పక్క ప్యానెల్‌ను పాలిష్ చేయించడం మరవద్దు. పెయింట్ కోడ్ చెప్పేది కొత్త కారు రంగు, మీది ఎండలో మారిన రంగు, మసక మీద కలిపిన రంగు తర్వాత తేడా కొడుతుంది. బేస్ కోట్ పొరకూ పొరకూ మధ్య ఆరనివ్వకపోతే లోపలి సాల్వెంట్ క్లియర్‌లో బుడగలై తేలుతుంది. టూకే (రెండు భాగాలు కలిపి కొట్టే) క్లియర్‌ను గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. బయటి నుంచి గాలి అందే మాస్క్ లేకుండా ఇంటి గ్యారేజీలో దాన్ని కొట్టకండి. కొత్త పెయింట్ మీద వ్యాక్స్ వెంటనే వద్దు, పెయింట్ డబ్బా మీద చెప్పినన్ని రోజులు దాన్ని పూర్తిగా ఆరనివ్వండి.