డ్యూటీకి వెళ్లొచ్చేసరికి కుర్చీ మారిపోయింది

మా ఆయన అమెరికాలో ఆర్మీ రిజర్విస్ట్, అంటే బయట ఉద్యోగం చేసుకుంటూ పిలిచినప్పుడు సైన్యంలోకి వెళ్లాల్సినవారు. మామూలు రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకో వీకెండ్ డ్రిల్. కిందటేడు ఆర్డర్స్ వస్తే తొమ్మిది నెలలకు పైగా కువైట్‌లో ఉండొచ్చారు.

తిరిగి ఆఫీసుకెళ్తే హెచ్‌ఆర్ ఆవిడ ‘థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్’ అంది. అదే ఊపులో, మీ లీడ్ పోస్టు వేరేవాళ్లకిచ్చేశాం, సపోర్ట్ టీమ్‌లో సర్దుకోండి అంది.

ఈయనకి గొడవంటే మొహమాటం. ‘‘పోనీలేవే, ఉద్యోగం ఉంది కదా’’ అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. సైన్యంలో పనిచేసి తిరిగొచ్చినవాళ్ల ఉద్యోగాలను కాపాడే 1994 నాటి యూసెరా చట్టం ప్రకారం 180 రోజులు దాటి సర్వీసు చేసినవాళ్లు, అది ముగిసిన 90 రోజుల్లోపు పాత కంపెనీకి దరఖాస్తు పెట్టుకుంటే చాలు. అసలు వెళ్లకుండా ఉంటే ఏ స్థాయిలో ఉండేవారో ఆ స్థాయి, ఆ జీతం, ఆ సీనియారిటీ ఇవ్వాలి. ఆ పోస్టులో ఇంకొకరిని పెట్టుకున్నామంటే కుదరదు. ఆ తర్వాత ఏడాదిపాటు సరైన కారణం లేకుండా తీసెయ్యడానికీ లేదు. పది మంది ఉన్న కంపెనీకైనా ఇదే రూలు.

అమెరికా రక్షణ శాఖకి ఈఎస్‌జీఆర్ అని ఒక విభాగం ఉంది, ఇలాంటి పేచీల్లో ఉచితంగా మధ్యవర్తిత్వం చేస్తారు. పట్టుబట్టి ఫోన్ చేయించాను. వాళ్లు కంపెనీతో మాట్లాడాక లీడ్ పోస్టు తిరిగొచ్చింది.

జీతంలోంచి రిటైర్మెంట్‌కి దాచుకునే 401కే ఖాతా సంగతే తేలలేదు. ఆగిన నెలల వాటా ఈయన ఇప్పుడు కట్టుకుంటే కంపెనీ కూడా తన వంతు వాటా (మ్యాచ్) వెయ్యాలి. మెయిల్ పెట్టాం, ఉలుకూ పలుకూ లేదు. సోమవారం మళ్లీ అడగాలి.