సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాపు కొనడం: అనంతపురంలో నా అనుభవం

మేనల్లుడు ఇంజనీరింగ్‌లో చేరినాడు. చదువు నాలుగేండ్లు, ఉద్యోగం వెతుక్కునేది ఇంకో ఏడాది. అంటే ఐదేండ్లు నిలబడే ల్యాప్‌టాపు కావాలి, అదీ 40 వేలు దాటకుండా. నిన్ననే తీసుకున్నాం, మన ఊర్లోనే. దొరికినదానితో తృప్తిగానే ఉంది గానీ, మధ్యలో ఒక షాపువాడు చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇంకా కడుపు మండుతాంది. దాని సంగతి తర్వాత చెప్తా.

ఏ కౌంటరు దగ్గర అడిగినా "ఐ5 సార్, ఐ7 సార్" అని ప్రాసెసర్‌తోనే మొదలుపెడతారు. ప్రాసెసర్ పోయి మూలనపడే ల్యాప్‌టాపులు చాలా తక్కువ. మన పక్క వాటి ప్రాణం తీసేవి హింజ్‌లు (స్క్రీన్ మూత తిరిగే మడతబందులు), చార్జింగ్ పోర్టు, బ్యాటరీ, దుమ్ముతో పూడిపోయిన ఫ్యాను. అమ్మేవాడు ఈ నాలుగింటి ఊసే ఎత్తడు.

హింజ్ ఎట్ల పోతుందో తెలిస్తే సగం మోడళ్లు మీరే పక్కన పెట్టేస్తారు. చౌక మోడళ్లలో ఇనుప హింజ్‌ను కింది ప్లాస్టిక్ బాడీకి స్క్రూలతో బిగిస్తారు. ఆ స్క్రూలు పట్టుకునేది ప్లాస్టిక్‌లో నొక్కి కూర్చోబెట్టిన చిన్న ఇత్తడి నట్లను. రెండు మూడేండ్లకు హింజ్ బిగుసుకుంటుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా నట్ల మీద పడి, అవి ప్లాస్టిక్‌తో సహా పెళ్లగించుకుని వస్తాయి. మూల పైకి లేస్తుంది, స్క్రీన్ కేబులు నలుగుతుంది. వారంటీలో ఉన్నా "ఫిజికల్ డ్యామేజ్" అని తిప్పి పంపడమే ఎక్కువ. గమ్ముతో అతికిస్తే కొన్ని నెలలకు మళ్లీ ఊడుతుంది. అందుకే షాపులో మూతను ఒక మూల పట్టుకుని నిదానంగా తెరవండి. కిర్రుమన్నా, రెండో మూల వెనకబడినా, కీబోర్డు పక్కన ప్లాస్టిక్ ఉబ్బినా వద్దనేయండి.

ఇక ఎండ, దుమ్ము. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే ఫ్యాను లోపలికి పీల్చేది కూడా వేడిగాలే. చిప్పు వంద డిగ్రీల దగ్గరికి పోగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. "స్లో అయిపోయింది, కొత్తది కొనాలి" అనేవాళ్లలో చాలామందికి కావలసింది ఫ్యాను శుభ్రం చేసి థర్మల్ పేస్టు (చిప్పు వేడిని బయటికి లాగే ముద్ద) మార్చేవాడు, అంతే. ఆషాఢం గాలుల తర్వాత ఏటా ఒకసారి వెనక మూత తీయాల్సిందే. కాబట్టి ఆ మూత మామూలు స్క్రూలతో తేలిగ్గా తెరుచుకునే మోడలే తీసుకోవాలి.

ఈ ధరలో కొత్తవి చూసినాను. చాలావాటిలో 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకోవడానికి లేదు. తెలుసుకోవడం సులభం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ. ఫార్మ్ ఫ్యాక్టర్ ఎదుట సోడిమ్ అని ఉంటే ఊడదీసి మార్చుకునే ర్యామ్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించింది. అమ్మేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

అందుకని ఆఫీసుల నుంచి వచ్చే పాత బిజినెస్ ల్యాప్‌టాపుల వైపు తిరిగినాను. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్ టి వరుస, హెచ్‌పీ ఎలీట్‌బుక్ ఈ రకం. కంపెనీలు కొన్నేండ్లు వాడి గంపగుత్తగా తీసేస్తాయి. అవి బెంగళూరు మీదుగా మన షాపులకు చేరుతాయి. హింజ్‌లు గట్టివి, విడిభాగాలు దొరుకుతాయి, ఎట్ల విప్పాలో చెప్పే సర్వీసు మాన్యువల్‌ను కంపెనీలే నెట్‌లో పెడతాయి. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్‌లో 8వ జనరేషన్ (తరం) అయినా ఉండాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 6, 7 జనరేషన్లు ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోవద్దు. ఐదేండ్ల లెక్క వేసుకుని నేను 11వ జనరేషన్ దగ్గర గీత గీసుకున్నాను. అందులో లాటిట్యూడ్ 5420కి, ఎలీట్‌బుక్ 840 జీ8కి రెండేసి ర్యామ్ స్లాట్లున్నాయి. థింక్‌ప్యాడ్ టి14 జెన్ 2కు కొంత అతికించి, ఒక స్లాటు వదిలినారు. లాటిట్యూడ్ 7420 చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, ర్యామ్ మాత్రం పూర్తిగా బోర్డు మీదే. నాజూకు చూసి మోసపోవద్దు.

ఇప్పుడు ఆ షాపు సంగతి.

నేను వట్టి చేతులతో పోలేదు. విండోస్ 11 ఎక్కించిన పెన్‌డ్రైవు (8 జీబీ చాలు, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా చేసిపెడుతుంది), చిన్న స్టార్ స్క్రూడ్రైవరు, ఫోను, డేటా కేబులు. ల్యాప్‌టాపు బయటికి చూస్తే కొత్తదానిలా ఉంది. గీత లేదు. విండోస్ ఎక్కించి పెట్టినారు, యాక్టివేషన్ కూడా సరిగ్గా ఉంది. "దీన్ని ఒకసారి పూర్తిగా తుడిచేసి, నెట్ కలిపి, మళ్లీ విండోస్ ఎక్కించి చూస్తా" అన్నాను. అంతే, మొహం మారిపోయింది.

"ఎందుకు సార్, ఫ్రెష్షుగా ఏసిందే గదా?"

"వేసిందే గానీ, నా ముందర వేయలేదు కదప్పా."

కౌంటరు దగ్గర ఇంకా నలుగురైదుగురున్నారు. వాళ్ల వైపు తిరిగి, "చూడండన్నా, ఈ సార్ మాకు యాపారం నేర్పిస్తాండాడు! మీ మాదిరి అందరూ పీకి చూస్తే మేము అంగడి మూసుకోవాల్సిందే" అన్నాడు. అందరూ నవ్వినారు. మేనల్లుడు నా చొక్కా లాగి "పోదాం రా మామా" అన్నాడు. డబ్బులు జేబులో ఉండి కూడా దొంగ మాదిరి నిలబడాల్సి వచ్చింది. వాడి కరెంటు, వాడి కుర్చీ, గంట సేపు పడుతుంది, నిజమే. కానీ పాతిక వేల పైచిలుకు తీసుకునేవాడు గంట ఇవ్వలేడా?

కదల్లేదు నేను. రీసెట్ మొదలైంది. భాష, కీబోర్డు అడిగింది, ఫోన్ హాట్‌స్పాట్ కలిపినాను. ఒకసారి తిరిగి లేచింది. మామూలుగా అయితే "ఇది సొంతానికా, ఆఫీసుకా" అని అడగాలి. అడగలేదు. నేరుగా ఒక పెద్ద కంపెనీ పేరు, లోగో వేసి, స్వాగతం, మీ ఆఫీసు మెయిల్ ఐడీ కొట్టండి అని నిలబడింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

దీన్ని ఆటోపైలట్ అంటారు. కంపెనీ ల్యాప్‌టాపు కొన్నప్పుడే దాని హార్డ్‌వేర్ గుర్తును మైక్రోసాఫ్ట్ సర్వర్లలో తన పేరు మీద రాయించుకుంటుంది. తీసేసేటప్పుడు ఆ పేరు కొట్టేయించాలి. పాతసామాను కింద గంపగుత్తగా తోసేసే తొందరలో కొందరు కొట్టేయించరు. ఆ గుర్తు ప్రధానంగా మదర్‌బోర్డును పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు) మార్చినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా పోదు. తీసేయగలిగేది ఆ కంపెనీ ఐటీ విభాగమే.

షాపువాడు తడుముకోలేదు. "నెట్ ఆపేసి ఏస్తే అది రాదు సార్, మేమంతా అట్లనే ఏస్తాం." అదే కదా మోసం! నెట్ లేకుండా ఎక్కిస్తే ఇప్పటికి రాదు. మూడో ఏడాదిలో విండోస్ చెడిపోయి, ల్యాబ్ పరీక్ష ముందురోజు పిల్లోడు రీసెట్ కొడితే వస్తుంది. అప్పటికి వీడి "చెకింగ్ వారంటీ పదైదు రోజులు" ఎప్పుడో అయిపోయింటుంది. ఇందాక నవ్వినవాళ్లలో ఒకాయన అదే షాపులో తాను అప్పుడే కొన్న ల్యాప్‌టాపును కౌంటరు మీద పెట్టి, "నాది కూడా చూడు సార్" అన్నాడు. ఆయనది బాగానే వచ్చింది. కానీ షాపువాడి నోరు మాత్రం మూతపడింది. నన్ను చూసి నవ్విన అంగట్లోనే ఇంకొకరి పని చేసిపెట్టి బయటికి వచ్చినాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మీరు చూసేటప్పుడు కొన్ని మెలికలుంటాయి. ఆటోపైలట్ పనిచేసేది విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే. హోమ్ ఎడిషన్ వేసి "చూడండి, ఏమీ రాలేదు" అంటే పరీక్ష జరగనట్టే లెక్క. పెన్‌డ్రైవుతో కొత్తగా ఎక్కిస్తే 11వ జనరేషన్ ఇంటెల్‌లో డిస్కే కనబడకపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ పోయిందని భయపడొద్దు, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరు పెన్‌డ్రైవులో వేసుకుని లోడ్ డ్రైవర్ నొక్కితే కనబడుతుంది. వైఫై రాకపోతే ఫోనును కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి.

ఇది కాక కింద ఇంకో తాళం ఉంటుంది, బయాస్‌ది (విండోస్ కన్నా ముందు లేచే, ల్యాప్‌టాపు సొంత సెట్టింగుల చోటు). ఆన్ చేసేటప్పుడు డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1. లోపలికి పోగానే పాస్‌వర్డ్ అడిగినా, సెట్టింగులు మార్చనివ్వకపోయినా అక్కడే వదిలేయండి. సెక్యూరిటీలో అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే వరుస కూడా చదవండి. యాక్టివేటెడ్ అని ఉంటే పాత యజమాని ఇంకా దాన్ని దూరం నుంచి పట్టుకుని ఉన్నట్టు. డిజేబుల్డ్ అయితే మంచిదే.

తర్వాత షాపులో ముసలాయన ఒక్క మాట కూడా అనకుండా స్టూలు వేసి, ప్లగ్గు చూపించినాడు. లాటిట్యూడ్ 5420. తాళాలేమీ లేవు. ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేరు పెట్టి హెల్త్ శాతం, ఎన్ని గంటలు నడిచిందో చూసినాను, బాగుంది.

మిగిలింది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్టులో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తప్పటిది), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పటిది), సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు చార్జ్ అయిందనే లెక్క) ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో 80 శాతం కన్నా తగ్గితే బ్యాటరీ ధర తగ్గించమనాలి. రెండూ అచ్చంగా ఒకటే అంకె ఉండి, సైకిళ్లు సున్నా అంటే సంతోషపడొద్దు, డూప్లికేట్ బ్యాటరీలు కూడా అట్లనే చెప్తాయి. నమ్మాల్సింది గడియారాన్ని. చార్జరు తీసేసి అరగంట వీడియో ఆడించండి. వీడియోకు పది వాట్లు పోతాయనుకుంటే అరగంటకు 5 వాట్ అవర్లు. 63 వాట్ అవర్ల బ్యాటరీలో అది 8 శాతం, 42 దాంట్లో 12. ఇరవై పైన పడిపోతే రిపోర్టులో ఏం రాసి ఉన్నా అబద్ధమే. మాది 63ది, 10 శాతం తగ్గింది, తీసుకున్నాం.

బిల్లు దగ్గర మొహమాటం వద్దు. కచ్చా చీటీ మీద "ల్యాప్‌టాప్ 1" అని రాసిస్తే అది దేనికీ పనికిరాదు. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోవాలి. డెల్ అయితే వెనక ఉన్న సర్వీస్ ట్యాగు, బయాస్‌లో కనబడే ట్యాగు ఒకటేనా చూడండి. తేడా ఉంటే బోర్డో, మూతో మార్చినారన్నమాట. గొడవైతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఎక్కడికి పోయినా మొదట అడిగేది ఆ బిల్లే. 'బిల్లు లేకపోతే జీఎస్టీ మిగుల్తుంది' అనే మాట విని ఆశపడేవాళ్లను చూస్తే నాకు జాలి కూడా వేయదు.

ఇంటికి తెచ్చినాక వెనక మూత తీసి, ముందు బ్యాటరీ కేబులు పీకి, రెండో స్లాటులో 8 జీబీ డీడీఆర్4 3200 వేసినాను. రెండు ర్యామ్ పుల్లలుంటే ఇందులోని గ్రాఫిక్స్‌కు కూడా ఊపు వస్తుంది. బయాస్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆగేటట్టు కస్టమ్‌లో పెట్టినాను, హాస్టల్లో రోజంతా ప్లగ్గులోనే ఉంటుంది కాబట్టి. దీనికి రెండు టైప్ సీ పోర్టులూ చార్జింగ్ తీసుకుంటాయి. బోర్డుకు అతికించిన ఈ పోర్టు వదులైతే మైక్రో సోల్డరింగ్ చేసేవాణ్ని వెతుక్కోవాలి, అందుకని వెనకది చార్జరుకు, ముందుది పెన్‌డ్రైవులకు అని విడగొట్టి చెప్పినాను. చార్జరు మూడు పిన్నులది. దాన్ని టూ పిన్ కన్వర్టరులో గుచ్చితే ఎర్త్ పోయినట్టే.

మేనల్లుడికి ఇంకోటి కూడా మార్చి ఇచ్చినాను. ఈ తరం ల్యాప్‌టాపులు మూత మూస్తే పూర్తిగా నిద్రపోవు, లోపల కొంచెం మేలుకునే ఉంటాయి. అట్లనే బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కితే గాలాడక లోపలే కాగుతుంది, బ్యాటరీ కూడా అరిగిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మూత మూస్తే ఏం చేయాలి అనేచోట స్లీప్ తీసేసి హైబర్నేట్ పెట్టాలి. హైబర్నేట్ కనబడకపోతే కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆన్ (powercfg /h on) అని కొడితే వస్తుంది.