కొత్త టాప్ లోడ్ మెషిన్: బటన్ల కంటే ముందు నీళ్ల సంగతి

టాప్ లోడ్ వాషింగ్ మెషిన్ కొనేటప్పుడు షోరూములో అందరి చూపూ గాజు మూత మీద, డిస్‌ప్లే మీద, ప్రోగ్రాములు ఎన్ని ఉన్నాయన్న దాని మీద ఉంటుంది. ఇంటికొచ్చాక అది బాగా ఉతుకుతుందా లేదా తేల్చేవి వేరు. నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయి, ఎటు పోతున్నాయి, ఎంత ఉప్పు నీళ్లు అన్నవే అసలు సంగతులు. ఇక్కడ రాస్తున్నదంతా మన ఇళ్లలో తరచూ కనిపించే రకం గురించి: 7 కిలోలు, ఫుల్లీ ఆటోమేటిక్, అడుగున బట్టలను తిప్పే పళ్లెం లాంటి పల్సేటర్, వేగం మార్చుకోగల ఇన్వర్టర్ మోటారు, హీటర్ లేనిది.

ముందు ప్రెషర్. చాలా మోడళ్ల మాన్యువల్‌లో నీటి ఒత్తిడి 0.03 నుంచి 0.8 మెగాపాస్కల్ మధ్య ఉండాలని ఉంటుంది. ఆ అంకెను ట్యాంకు ఎత్తులోకి మార్చుకుంటే గానీ మన ఇంటికి పనికొచ్చే లెక్క కాదు. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కంటే 10 మీటర్లు పైన ఉంటే దాదాపు 0.1 మెగాపాస్కల్ వస్తుంది. అంటే 0.03 రావాలంటే కనీసం 3 మీటర్ల ఎత్తు కావాలి. కింది అంతస్తుల వాళ్లకు చింత లేదు. పై అంతస్తులో, ట్యాంకు నేరుగా స్లాబు మీదే కూర్చున్న ఇంట్లో చూడండి: గది ఎత్తు 3 మీటర్లు, మెషిన్ కుళాయి నేల నుంచి ఒక మీటరు పైన, ట్యాంకులో నీళ్లు అర మీటరే ఉన్నాయి. మొత్తం ఎత్తు 2.5 మీటర్లే అయింది. పైపు వంపుల్లోనూ వాల్వుల్లోనూ పోయేది పోగా కనీస ఒత్తిడి కూడా మిగలదు. ఇలాంటి ఇళ్లలో ట్యాంకు నిండుగా ఉన్న పొద్దున్న మెషిన్ చక్కగా నడిచి, సాయంత్రం మొరాయిస్తుంది. అది మెషిన్ జబ్బు కాదు.

కొనకముందే ఒక బకెట్టుతో తేల్చుకోవచ్చు. మెషిన్‌కి ఇవ్వబోయే కుళాయి పూర్తిగా తిప్పి 15 లీటర్ల బకెట్టు పెట్టండి. నిమిషంన్నరలో నిండితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు, హాయిగా సరిపోతుంది. 3 నిమిషాలు పట్టిందంటే నిమిషానికి 5 లీటర్లే. టబ్బు పై లెవెల్ వరకు నిండటానికి 50, 60 లీటర్లు కావాలి కాబట్టి ఒక్కో నింపుకి 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. ఉతకడానికి ఒకసారి, జాడించడానికి రెండుసార్లు నింపాలి, కాబట్టి అరగంటకు పైగా నీళ్లు పట్టుకోవడానికే పోతుంది. డిస్‌ప్లే మీద 50 నిమిషాలని చూపించి గంటన్నర నడిచే మెషిన్ల రహస్యం ఇదే. మెషిన్ తనకు పెట్టిన గడువులోపు నీటిమట్టం రాకపోతే ఆగిపోయి కోడ్ చూపిస్తుంది. ఎల్జీలో ఐఈ, శాంసంగ్‌లో 4సీ అని వస్తుంది.

ఆ కోడ్ వచ్చిన వెంటనే సర్వీసు వాళ్లకు ఫోను చేయక్కర్లేదు. కుళాయి కట్టి, మెషిన్ వెనక నీళ్ల పైపు మరను చేత్తో విప్పండి. లోపల వేలి గోరంత ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. ముక్కు పట్టకారుతో మెల్లగా లాగి పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడిగి మళ్లీ పెట్టండి. బోరు నీళ్లయితే అందులో ఇసుక రేణువులు, తుప్పు పొట్టు తప్పకుండా ఉంటాయి. కొత్త అపార్టుమెంట్లలో మొదటి నెలల్లో సిమెంటు పలుకులు, టెఫ్లాన్ టేపు ముక్కలు కూడా వస్తాయి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ వంకర పోకుండా చూడాలి. నీళ్లు కారుతుంటే చాలామంది ఇంకా గట్టిగా బిగిస్తారు. వాషర్ నలిగి కారడం ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. అలాగే మామూలు కుళాయికి నాలుగు స్క్రూలతో పట్టించే ప్లాస్టిక్ అడాప్టర్ తాత్కాలికం అనుకోండి. రాత్రిపూట ట్యాంకు నిండి ఒత్తిడి పెరిగినప్పుడు ఊడిపోయేది అదే. వాషింగ్ మెషిన్‌కని అమ్మే మర ఉన్న కుళాయి ప్లంబరుతో వేయించుకుంటే ఆ బెడద ఉండదు. ఒత్తిడి నిజంగానే చాలకపోతే తక్కువ ప్రెషర్‌కి నడిచే వాల్వు ఉన్న మోడల్ అడగాలి, లేదా కుళాయి ముందు చిన్న బూస్టర్ పంపు పెట్టించాలి.

నీళ్లు పోయే దారి గురించి షోరూములో ఎవరూ చెప్పరు. టాప్ లోడ్ మెషిన్లలో చాలావాటికి పంపు ఉండదు. అడుగున వాల్వు తెరుచుకుంటే నీళ్లు వాటంతట అవే కిందికి జారిపోవాలి. అలాంటి మెషిన్ గొట్టం నేల మీదే పడి ఉండాలి. మెషిన్ బాల్కనీలో, తూము బాత్‌రూములో ఉండి మధ్యలో గడప అడ్డం వస్తే, గొట్టాన్ని గడప మీదుగా ఎక్కించగానే నీళ్లు సగంలో ఆగిపోతాయి. కాసేపటికి ఎల్జీలో ఓఈ, శాంసంగ్‌లో 5సీ కోడ్ వస్తుంది. గడప పక్కన గోడకు నేలమట్టంలో రంధ్రం కొట్టించుకోవాలి, లేదంటే పంపు ఉన్న మోడలే తీసుకోవాలి. గొట్టానికి ఇంకో మూడు మీటర్లు అతికించి పొడిగించినా ఇదే ఇబ్బంది. గొట్టం కొస తూములో నిలిచిన నీళ్లలో మునిగి ఉండకూడదు, తూము నోట్లో బిగుతుగా దూర్చనూ కూడదు. గాలి ఆడే సందు ఉండాలి. పంపు ఉన్నవాటికి లెక్క వేరు. వాటి గొట్టం మాన్యువల్‌లో చెప్పిన ఎత్తున వేలాడాలి.

మెషిన్ పెట్టే చోటుకి ఇంకో చిక్కుంది. మన వాష్ ఏరియా నేల తూము వైపు వాలుగా పోస్తారు, అది పోయాల్సిందే. మెషిన్‌కి మాత్రం ఆ వాలు పడదు. కాళ్ల కింద ఉండే మరలు తిప్పి సరిచేసి, లాక్ నట్‌ని పైకి బిగించాలి. బిగించకపోతే నాలుగైదు స్పిన్‌లలో మళ్లీ మొదటికొస్తుంది. ఎదురెదురు మూలల మీద రెండు చేతులూ పెట్టి నొక్కితే ఊగకూడదు. మట్టసం చూసే పరికరం లేకపోతే బట్టలు లేకుండా కొంచెం నీళ్లు పట్టి టబ్బు లోపలి రంధ్రాల వరుస చూడండి: నీళ్ల అంచు ఒక పక్క ఒక వరుస పైకి, ఇంకో పక్క కిందికి ఉంటే వాలు తెలిసిపోతుంది. చక్రాల స్టాండు వద్దు. తుడుచుకోవడానికి వీలని అమ్ముతారు గానీ, నిమిషానికి 700 చుట్లు తిరిగే టబ్బుకి కింద కదిలే ఆధారం ఉండకూడదు. అట్టపెట్టెలో నుంచి తీశాక టబ్బు చుట్టూ దూర్చిన థర్మకోల్, అడుగున పెట్టిన ప్యాకింగ్ మొత్తం తీశారో లేదో దగ్గరుండి చూడండి. అడుగున ఎలుకలు దూరకుండా ఇచ్చే ప్లాస్టిక్ పలక మెషిన్‌తోనే వస్తుంది. అది బిగించకుండా వెళ్లిపోతే అడిగి బిగించుకోవాలి. ఎలుక వైర్లు కొరికితే వారంటీలోకి రాదు.

ఇక ఉతకడం. 7 కిలోలంటే పొడి బట్టల బరువు, అదీ గరిష్ఠం. డబుల్ కాట్ కాటన్ దుప్పటి 700 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటుంది, జీన్స్ ప్యాంటు 600 నుంచి 800, చొక్కా 200 పైచిలుకు, స్నానం తువ్వాలు అర కిలో. ఈ లెక్కన 5 కిలోలు వేస్తే బట్ట తిరగడానికి చోటుంటుంది, మురికి పోతుంది. నిండా కుక్కితే పై బట్టలు పైనే తేలి, సబ్బు పొడి మరకలు మరకలుగా మిగులుతుంది. మెషిన్ మొదట నీళ్లు లేకుండా పల్సేటర్‌ను కొన్నిసార్లు అటూ ఇటూ తిప్పుతుంది కదా, బట్టల బరువును మోటారు మీద పడే భారంతో అంచనా వేయడం అది. అందుకే బట్టలు పొడిగా వేసి స్టార్ట్ నొక్కాలి. ముందే బకెట్లో నానబెట్టి తడివి వేస్తే బరువెక్కువని భ్రమపడి నీళ్లు ఎక్కువ పడుతుంది. తడివే వేయాల్సివస్తే నీటి లెవెల్ చేత్తో పెట్టుకోండి.

పల్సేటర్ పొడుగు బట్టలకు గిట్టదు. చీరలు, పంచెలు, చున్నీలు, నాడా ఉన్న పైజమాలు కలిపి వేస్తే తాడు పేనినట్టు పేనేసి, విడదీసేటప్పుడు చిరుగుతాయి. చీర నాలుగు మడతలు వేసి జిప్పున్న నెట్ సంచిలో పెట్టి, డెలికేట్‌లో, స్పిన్ తగ్గించి వేయాలి. జాకెట్ల హుక్స్ పెట్టేసి తిరగేసి వేయాలి, లేదంటే అవి చీర పోగును పట్టి లాగుతాయి. మంగళగిరి, వెంకటగిరి నేత కాటన్లు మొదటి రెండు మూడు ఉతుకులూ విడిగా చేత్తోనే ఉతకడం మేలు, ముదురు రంగులు దిగుతాయి. జరీ, పట్టు మెషిన్ జోలికే తేవద్దు. గంజి బకెట్లోనే పెట్టుకోండి. మెషిన్‌లో పెడితే టబ్బు వెనక గోడకు అంటుకుని బూజుకి తిండి అవుతుంది.

పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడితే కంగారుపడక్కర్లేదు. సబ్బులోని క్షార గుణానికి పసుపు రంగు అలా మారుతుంది, కడిగాక మళ్లీ పసుపుగానే కనిపిస్తుంది. ఆ మిగిలిన చాయను మెషిన్ కంటే ఎండే బాగా తీస్తుంది. ఆవకాయ నూనె మరక మాత్రం ముందే గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసి రుద్ది పది నిమిషాలు ఉంచకపోతే, హీటర్ లేని మెషిన్‌లో చల్లటి నీళ్లకు పోదు.

దుప్పటి ఒక్కటే వేసి స్పిన్ పెట్టకండి. నీళ్లు పీల్చి ఒక పక్కకు చేరి టబ్బు ఊగుతుంది. మెషిన్ దాన్ని పసిగట్టి మళ్లీ నీళ్లు పట్టి, బట్టలు సర్ది, మళ్లీ ప్రయత్నిస్తుంది. నీళ్లు రెట్టింపు, చివరికి బరువు సమంగా లేదని చెప్పే యూఈ కోడ్. తోడుగా రెండు తువ్వాళ్లు వేస్తే బరువు సమంగా చుట్టుకుంటుంది. రెయిన్ కోటు, నీళ్లు దిగని పరుపు కవరు ఎట్టి పరిస్థితుల్లోనూ స్పిన్‌లో వేయకూడదు. నీళ్లు మూటలో చిక్కుకుని, వేగం అందుకున్నాక ఒక్కసారిగా పక్కకు జారతాయి. టబ్బును వేలాడదీసే నాలుగు రాడ్లు ఆ దెబ్బకు ఊడి, మెషిన్ బాడీ కూడా పగలవచ్చు.

సబ్బు పొడి విషయంలో మన దగ్గర అందరూ ఎక్కువే వేస్తారు, ఉప్పు నీళ్లు కాబట్టి. కొంతవరకు అది సబబే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో సబ్బు పని తగ్గుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600. బోరు నీళ్లు ఆ మొదటి హద్దు దాటడం మన ఊళ్లలో మామూలే. టీడీఎస్ మీటరు చూపించేది కాఠిన్యం కాదు, అన్ని లవణాల మొత్తం. దాన్ని చూసి పొడి కొలత పెంచకండి. టెస్టు సులువు: ఉతికి ఆరిన బట్టలు నాలుగైదు మళ్లీ మెషిన్‌లో వేసి, పొడి లేకుండా ఉత్త నీళ్లతో ఐదు నిమిషాలు తిప్పండి. నురగ లేచిందంటే ఇన్నాళ్లూ పొడి ఎక్కువై బట్టలోనే మిగిలిపోతోంది. అప్పుడు కొలతలో పావు వంతు తగ్గించండి. నల్ల ప్యాంట్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే ఇంకో జాడింపు పెట్టండి, పొడిని మగ్గు గోరువెచ్చని నీళ్లలో కరిగించి పోయండి. ప్రెషర్ తక్కువైన ఇళ్లలో డ్రాయరులో వేసిన పొడి అక్కడే ముద్దకడుతుంది కనుక, కరిగించి టబ్బు అడుగున పోసి పైన బట్టలు వేయడమే నయం. మంజీరా నీళ్లు, బోరు నీళ్లు రెండూ వచ్చే హైదరాబాదు ఇళ్లలో, మంచినీళ్లు వదిలిన రోజు దుప్పట్లు, తెల్లబట్టలు పెట్టుకుంటే తేడా కంటికే తెలుస్తుంది.

లోపలి స్టీలు టబ్బు మెరుస్తున్నంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు. దాని వెనక, బయటి ప్లాస్టిక్ టబ్బుకి మధ్య సందులో సబ్బు జిడ్డు, ఫ్యాబ్రిక్ కండిషనర్, ఒంటి నూనె కలిసి పేరుకుంటాయి. కొన్ని నెలలకు తెల్ల చొక్కా మీద నల్లటి పొరలు ఊడిపడేది అక్కడి నుంచే. నీటిమట్టం కొలిచే సన్నటి గాలి గొట్టం నోరు కూడా ఆ జిడ్డుతో మూసుకుంటే మెషిన్ తక్కువో ఎక్కువో నీళ్లు పడుతుంది. నెలకోసారి బట్టలు లేకుండా టబ్ క్లీన్ నడపాలి. ఉప్పు నీళ్లయితే 100 నుంచి 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేడినీళ్లలో కరిగించి పోసి, గంట నానబెట్టి, తర్వాత ప్రోగ్రాము పూర్తి చేయించండి. నిమ్మ ఉప్పు పోసిన రోజు బ్లీచింగ్ పొడి ఛాయలకు కూడా రానివ్వద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. టబ్బు పక్కనున్న నూలు పొట్టు సంచిని రెండు ఉతుకులకోసారి తిరగేసి కడగాలి. ఉతకడం అయ్యాక మూత గంటసేపు తెరిచి ఉంచాలి, కుళాయి కట్టేయాలి.

చివరిగా వారంటీ. "మోటారుకి 10 ఏళ్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. బ్రష్‌లు లేని ఇన్వర్టర్ మోటారు మామూలుగానే చాలా ఏళ్లు నడుస్తుంది. ముందు పోయేవి పీసీబీ అనే ఎలక్ట్రానిక్ బోర్డు, నీళ్ల వాల్వు, డ్రెయిన్ వాల్వు మోటారు, బెల్టు మోడళ్లలో క్లచ్చు. వీటికి మొత్తం మెషిన్‌కిచ్చే వారంటీయే వర్తిస్తుంది, చాలావాటికి అది రెండేళ్లే. కాబట్టి పొడిగించిన వారంటీ కొంటే అందులో పీసీబీ రాసి ఉందో లేదో చదివి కొనండి. దాన్ని పాడుచేసేవి తేమ, బల్లులు, చీమలు, కరెంటు హెచ్చుతగ్గులు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు పాయింటు వేయించి, మెషిన్‌ను వానజల్లు పడని గోడ వైపు పెట్టి, ఉతకడం అయ్యాక స్విచ్చు గోడ దగ్గరే ఆపేయండి. పైన కడిగేటప్పుడు మగ్గుతో నీళ్లు గుమ్మరించకుండా బటన్ల పలకను తడిగుడ్డతో తుడవాలి.