గుడ్డు నుంచి పెంచిన సొరచేప: నా అనుభవం

సముద్రపు అక్వేరియంలో సొరచేపను పెంచాలనుకున్నప్పుడు నేను ముందుగా ఆలోచించింది అది ఊపిరి ఎలా తీసుకుంటుందనే. బ్లాక్‌టిప్ రీఫ్ షార్క్ లాంటివి మొప్పల గుండా నీళ్లు పారడానికి ఈదుతూనే ఉండాలి. ఇంటి ట్యాంకులో వాటికి తిరిగే చోటే దొరకదు. నర్స్ షార్క్ అడుగున హాయిగా పడుకుంటుంది గానీ 3 మీటర్ల దాకా పెరుగుతుంది. పిల్ల ముద్దుగా ఉందని దాన్ని తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చివరికి తెల్లచుక్కల బ్యాంబూ షార్క్ దగ్గర ఆగాను. నోటితో నీళ్లు లాక్కుని మొప్పల్లోకి పంపుకుంటుంది, కాబట్టి కదలకుండా పడుకున్నా ఇబ్బంది లేదు. పెద్దయ్యాక దాదాపు మీటరు ఉంటుంది.

అలాంటి ప్రాణికి ట్యాంకు ఎత్తు ఎంతున్నా ఒరిగేదేమీ లేదు, నేల కావాలి. అందుకే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పెట్టించాను. పొట్ట గీసుకుపోకుండా అడుగున మెత్తటి ఇసుక వేశాను. రాళ్లను మాత్రం ఇసుక మీద కాదు, ముందే అడుగు గాజు మీద కదలకుండా కూర్చోబెట్టాలి. లేదంటే అది కింద తవ్వినప్పుడు మీద పడతాయి. బయటికి దూకకుండా బరువైన మూత కూడా తప్పనిసరి. నీళ్లలో చేరే విషాలైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ట్యాంకులోకి ఏ ప్రాణినీ వదల్లేదు.

ఆ తర్వాతే గుడ్డు తెచ్చాను. తోలు సంచిలా ఉండే ఆ గుడ్డు వెనక టార్చి పెడితే లోపల పచ్చసొన, దానికి అతుక్కుని మెలికలు తిరిగే పిల్ల స్పష్టంగా కనిపించేవి. ఈ రకం గుడ్లకు సుమారు నాలుగు నెలలు పడుతుంది. వారం వారం సొన తగ్గుతూ, పిల్ల ఒంటి మీద నల్లటి పట్టీలు తేలుతుంటే టార్చి ఆర్పబుద్ధి అయ్యేది కాదు.

పిల్ల బయటికొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ఏమీ తినదు! కడుపులో మిగిలిన సొనతో కొన్నాళ్లు గడుపుతుందని తెలిసినా మనసు ఊరుకోదు. రోజూ చీకటి పడ్డాక పట్టకారుతో చిన్న రొయ్య ముక్కను మూతి దగ్గర ఇసుకకు ఆనించేవాణ్ణి. ఒక రాత్రి మూతి మీది మీసాలు ముక్కకు తగిలాయి. తలను పక్కకు ఒక్క విదిలింపు విదిలించి మింగేసింది. ఆ తర్వాత తిండికి బెంగ లేదు. రొయ్య, స్క్విడ్ మార్చి మార్చి, విటమిన్ కలిపి పెడుతున్నాను.

వీటికి అయోడిన్ తక్కువైతే గొంతు దగ్గర వాపు వస్తుంది, వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే నైట్రేట్ పెరిగితే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే నీళ్లు మార్చడం వాయిదా వేయను. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వాడే రాగి మందు సొరచేపకు విషం. దీని ట్యాంకులో ఇంకో చేపను పెట్టకపోవడానికి అదొక కారణం. ట్రిగ్గర్ చేపలు దాని రెక్కలు కొరుకుతాయి, చిన్న చేపలైతే రాత్రికి దాని కడుపులోకే పోతాయి.