రౌలెట్ క్రీక్‌లో సన్‌ఫిష్ వేట: ఇంట్లో కట్టిన లూర్ల లాగ్

మార్చి ఆఖరు

ఈ ఏడాది షాపులో కొన్న లూర్లు (పురుగులా కనిపించే నకిలీ ఎరలు) ముట్టుకోకుండా, నేను కట్టినవాటితోనే సన్‌ఫిష్ అనే చిన్న మంచినీటి చేపలు పట్టాలని మొదలుపెట్టాను. చోటు టెక్సస్‌లోని ప్లేనో, మా ఇంటికి దగ్గర్లో పారే రౌలెట్ క్రీక్. క్రీక్ అంటే మన వాగే. చాలాచోట్ల మోకాలి లోతు, మలుపుల దగ్గర మాత్రం నడుము దాటే మడుగులు. అడుగున తెల్లటి సున్నపురాయి పలకలు, ఒడ్డున నీళ్లలోకి దిగిన చెట్ల వేర్లు. కిందికి పోయి లేక్ రే హబ్బర్డ్‌లో కలుస్తుంది. చేపలు ఎక్కువగా ఉండేది వేర్ల నీడలో, రాతిపలక తెగి లోతు మొదలయ్యే అంచున. మిగతా వాగంతా నడిచి దాటేయడమే.

నాకు పడేవి మూడు రకాలు. బ్లూగిల్‌కు నోరు చిన్నది. మొప్ప చివర నల్ల మచ్చ, వీపు రెక్క వెనక భాగంలో ఇంకో మచ్చ ఉంటాయి. గ్రీన్ సన్‌ఫిష్‌కు నోరు పెద్దది, చెంపల మీద నీలి ఆకుపచ్చ గీతలు. మూడోది లాంగియర్: మొప్ప చివర పొడుగ్గా నల్లటి చెవి, దాని చుట్టూ తెల్లటి అంచు, నారింజ పొట్ట, ఒంటినిండా నీలి చుక్కలు. చిన్నప్పుడు కాలువ గట్టున వానపాము గుచ్చి పరిగెలు పట్టినవాణ్ణి. అయినా అరచేతిలో పట్టే చేపకు ఇన్ని రంగులుంటాయని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. 17 ఏళ్లు నిండినవాళ్లకు టెక్సస్‌లో ఫిషింగ్ లైసెన్స్ కావాలి. మామూలు లైసెన్స్ ఎప్పుడు కొన్నా గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి, జూలైలో కొంటే డబ్బు దండగ.

సరంజామా తక్కువే. 5 అడుగుల అల్ట్రాలైట్ (బాగా తేలికైన) రాడ్, చిన్న స్పిన్నింగ్ రీల్, 4 పౌండ్ల లాగుడు తట్టుకునే మోనో లైన్ (ఒంటిపోగు నైలాన్ దారం), గాలం ఊడదీయడానికి ఫోర్సెప్స్.

ఏప్రిల్

మొదటి లూర్ ఇలా కట్టాను. 10 నంబర్ గాలం తీసుకుని, మొన వెనక ఉండే చిన్న ముల్లును ప్లయర్స్‌తో నొక్కేశాను. దీనివల్ల చేప నోటికి గాయం తక్కువ, పైగా బరువు కోసం తల దగ్గర వేసే పూస సులువుగా ఎక్కుతుంది. పూస బెజ్జం ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా ఉంటుంది. సన్నవైపు ముందు ఎక్కించి, గాలం కన్ను దాకా జరిపాను. గాలం కాడ మీద సన్న పాలిస్టర్ దారం చుట్టి, తోకకు మారబూ అనే మెత్తటి ఈక కొంచెం కట్టాను. తోక గాలం పొడవును మించకూడదు. మించితే చేప తోక కొసను లాగి వదిలేస్తుంది, గాలం నోట్లోకి పోదు. ఒంటికి నెమలి ఈక పోగులు మూడు నాలుగు కలిపి దారంతో మెలిపెట్టి చుట్టాను. విడిగా చుడితే ఆ పోగులు చేప పళ్లకు తెగిపోతాయి. చివర్లో ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క.

నెమలి ఈకల కోసం ఇంటి నుంచి తెప్పిద్దామనుకునేవాళ్లు ఆగండి. ఇండియా నుంచి వాటి ఎగుమతి నిషేధం. ఇక్కడ లూర్లు కట్టే సామాను అమ్మే ఫ్లై టయింగ్ షాపుల్లో దొరుకుతాయి, కొంచెం కొంటే చాలాకాలం వస్తాయి. తడిశాక ఆ పోగుల్లో వచ్చే పచ్చటి మెరుపు కొన్న చెనిల్ దారంలో రాదు.

బరువుకు సీసం వాడలేదు. తెగిపోయిన లూర్ వాగులోనే ఉండిపోతుంది, సీసం మింగిన నీటి పక్షులు విషమెక్కి చనిపోతాయి. అందుకని ఒకే నమూనాను మూడు రకాల పూసలతో కట్టాను: టంగ్‌స్టన్, ఇత్తడి, నల్లపూసంత గాజుపూస. ఒక్కోదాన్ని బాగా తడిపి, బకెట్‌లో 30 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి వదిలి చూశాను. టంగ్‌స్టన్‌ది సుమారు ఒక సెకనులో అడుగు తాకింది. ఇత్తడిది రెండు సెకన్లు. గాజుపూసది నాలుగు సెకన్ల దాకా తీసుకుంది, దిగుతున్నంతసేపూ తోక ఆడుతూనే ఉంది.

వాగులో తేడా తెలిసిపోయింది. టంగ్‌స్టన్‌ది వేస్తే చేపలు దాని వెంట కిందికి వచ్చి, అది రాయి మీద ఆగగానే వెనక్కి తిరిగిపోయాయి. గాజుపూసది సగం లోతుకు రాకముందే నోట్లో పడింది. అదే మడుగు, అదే రంగు, అదే గంట. అప్పటినుంచి రంగుల గురించి ఆలోచించడం తగ్గించాను. నా లెక్కలో లూర్ ఎంత నెమ్మదిగా దిగుతుందన్నదే సన్‌ఫిష్ వేటలో మొదటి విషయం. సన్‌ఫిష్ తరిమి పట్టుకునే రకం కాదు. దగ్గరకు వచ్చి, ఆగి, చూసి, ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకుంటుంది. ఆ చూసే సమయం దానికి ఇవ్వాలి.

చిక్కల్లా విసరడంలోనే. అంత తేలిక లూర్ పది అడుగులు కూడా పోదు. అందుకని బెండు కట్టాను. వైన్ సీసా కార్క్‌ను అడ్డంగా కోసి, చాకుతో నిలువు గాటు పెట్టి, లైన్ అందులో దూర్చి టూత్‌పిక్ ముక్కతో బిగించడమే. విసరడానికి బరువు బెండు ఇస్తుంది, లూర్ దాని కింద తన వేగంతో తాను దిగుతుంది. బెండుకు లూర్‌కు మధ్య 45 సెంటీమీటర్లు మా మడుగులకు సరిపోతోంది. ముడి లూప్ నాట్ (లూర్ కన్నులో వదులుగా ఉండే ముడి) అయితే మంచిది. బిగుతు ముడి వేస్తే లూర్ కదలిక చచ్చిపోతుంది.

మే

నీళ్లు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయి, గూళ్లు మొదలయ్యాయి. మగ చేప తోకతో గులకరాళ్ల మధ్య బురద ఊడ్చి గుండ్రటి గుంట చేస్తుంది. పైనుంచి చూస్తే పళ్లెంలా తెల్లగా కనిపిస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే కాపలా అంతా మగదే. ఆ సమయంలో గూటి మీద ఏం వేసినా కొడుతుంది. నేను వేయను. దాన్ని పట్టి పక్కకు తీసిన కాసేపట్లోనే చుట్టూ ఉన్న చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. సన్‌ఫిష్‌కు టెక్సస్‌లో ఇన్నే పట్టాలన్న పరిమితి, ఇంత సైజుండాలన్న నిబంధన మామూలుగా లేవు కాబట్టి ఈ కట్టుబాటు మనమే పెట్టుకోవాలి. గూళ్లు కాసేవి పెద్ద మగ చేపలు. వాటిని బకెట్లలో నింపుకుని పోతే చిన్న మగవి తొందరగా గుడ్ల పనిలోకి దిగుతాయి, పెరుగుదల ఆగిపోతుంది. కొన్నేళ్లకు ఆ మడుగులో అన్నీ బొటనవేలంతవే మిగులుతాయి. ఈ నెలంతా గూళ్లు లేని లోతు అంచుల్లోనే తిరిగాను.

గ్రీన్ సన్‌ఫిష్ 10 నంబర్ గాలాన్ని గొంతులోకి మింగేస్తోంది. వేర్ల దగ్గర వేసేవాటికి 8 నంబర్‌కు, అంటే కొంచెం పెద్ద గాలానికి మారాను, ఇప్పుడు పెదవికే తగులుతోంది. చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడి చెయ్యి ఒంటి మీది జిగురును తుడిచేస్తుంది. తల వైపు నుంచి వెనక్కి నిమిరితే వీపు ముళ్లు పడుకుంటాయి, గుచ్చుకోవు.

జూన్

ఎండలు ముదిరాయి, సాయంత్రాలు పురుగులు నీళ్ల మీద పడుతున్నాయి. కాబట్టి తేలే లూర్. 2 మిల్లీమీటర్ల క్రాఫ్ట్ ఫోమ్ షీట్‌ను గాలం కంటే కొంచెం పొడుగ్గా సన్న పట్టీగా కత్తిరించి, కాడ మీద దారంతో రెండుచోట్ల నొక్కి కట్టాను. కాళ్లకు రబ్బర్ బ్యాండ్‌ను నిలువునా చీల్చి, పక్కకు రెండేసి. కాడకు దారం చుట్టాక ఒక చుక్క సూపర్ గ్లూ వేయకపోతే రెండు చేపలకే ఫోమ్ గిర్రున తిరుగుతుంది. నల్ల ఫోమ్ మంచిదే గానీ చీకటి పడ్డాక నాకే కనిపించదు, అందుకని వీపు మీద పసుపు ఫోమ్ చుక్క అంటించాను.

దీనికి బెండు అక్కర్లేదు. కొమ్మల కింద వేసి, అలలు పూర్తిగా సర్దుకునేదాకా కదపకూడదు. తర్వాత రాడ్ కొనతో ఒక్క చిన్న కుదుపు. ఎక్కువసార్లు కుదుపుకు ముందే, ఊరికే ఉన్నప్పుడే ‘ప్చ్’ అని చప్పుడొచ్చి మాయమవుతోంది. వెంటనే లాగకుండా లైన్ బిగుసుకున్నాక ఎత్తితే నిలుస్తోంది.

పై ఊళ్లలో వాన పడితే ఈ వాగు గంటలోనే ఉప్పొంగుతుంది, రాతిపలకల మీద నిలబడి ఉంటే ప్రమాదం. వాన వెలిసిన మర్నాడు కూడా నీళ్లు బురదగా ఉంటాయి, వెళ్లను. ఒడ్డున రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టేముందు చూసుకోవాలి, కాటన్‌మౌత్ పాములు విషపువి.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది మధ్యరకం: ఫోమ్ ముక్క చిన్నది పెట్టి, ముందు ఇత్తడి పూస వేసి, బకెట్‌లో 30 సెంటీమీటర్లకు ఎనిమిది సెకన్లు తీసుకునేలా ఫోమ్‌ను కొంచెం కొంచెంగా పెంచుతున్నాను. ప్రస్తుతానికి ఆరు దగ్గర ఉంది.